వారంటీ దాటిన లాప్‌టాప్‌ను బాగుచేయించే ముందు

తల్లిదండ్రులకు, పెద్ద తరగతుల పిల్లలకు,

మన వ్యాసర్పాడిలో చాలా ఇళ్లలో బీరువా మీదో మంచం కిందో ఒక పాత లాప్‌టాప్ ఉంటుంది. అన్నో అక్కో ప్లస్ టూ చదివేటప్పుడు ప్రభుత్వం ఇచ్చినది. 2011 సెప్టెంబరు 15న తిరువళ్ళూరు జిల్లా కాక్కలూరులో మొదలైన ఆ పథకం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఏళ్ల తరబడి లక్షల లాప్‌టాప్‌లు అందాయి. వాటి వారంటీ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు తమ్ముడికో చెల్లెలికో కావలసి వచ్చి కిందికి దించితే అది ఆన్ కాదు. ఆన్ అయినా పది నిమిషాలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. షాపుకు తీసుకెళ్తే "మదర్‌బోర్డు పోయింది" అంటారు. అది విని కొందరు అడిగినంతా ఇచ్చేస్తారు, కొందరు పాత సామాన్లవాడికి వేసేస్తారు. రెండూ తొందరపాటే.

మదర్‌బోర్డు పోవడం అసలు ఉండదని నేను అనడం లేదు. కానీ ఆన్ కాని ప్రతి లాప్‌టాప్‌కూ అదే జబ్బు కాదు. ఎంత అవుతుందని అడిగే ముందు ఏమైందో తెలుసుకోవాలి. సగం సంగతి ఇంట్లోనే తెలిసిపోతుంది, ఖర్చేమీ లేదు.

మొదట ఒక జాగ్రత్త. లాప్‌టాప్ అడుగు ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి సరిచేయాలని చూడకండి. ఉబ్బిన బ్యాటరీ మంట అంటుకోవచ్చు. నేరుగా షాపుకే తీసుకెళ్లండి.

అలాంటిదేమీ లేకపోతే ముందు అడాప్టర్ చూడండి. వైరు నలిగి ఉందేమో, ఛార్జింగ్ లైటు వెలుగుతోందేమో గమనించండి. అడాప్టర్ తీసేసి, బ్యాటరీ ఊడదీసే రకమైతే దాన్నీ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. తర్వాత అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. ఆన్ అయితే బ్యాటరీని అనుమానించాలి. లైటే రాకపోతే తెలిసినవాళ్ల అడాప్టర్‌తో చూడవచ్చు, కానీ పిన్ను దూరింది కదా అని ఏదో ఒకటి గుచ్చకండి. అడాప్టర్ మీద 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అన్నట్టు రాసి ఉంటుంది. వోల్టులు మన లాప్‌టాప్‌కు చెప్పినన్నే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. ఎనిమిదో తరగతి సైన్సు పిల్లలు ఇది నాన్నకు చదివి చెప్పగలరు, చెప్పాలి కూడా.

ఫ్యాను చప్పుడు వస్తోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉందంటే ఒక కేబుల్‌తో టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ కనబడిందంటే మదర్‌బోర్డు పనిచేస్తున్నట్టే. జబ్బు తెరలోనో, తెరకు వెళ్లే వైరులోనో ఉంది. అప్పుడు కూడా ఎవరైనా బోర్డు మార్చాలంటే నవ్వి బయటికి వచ్చేయండి. కీబోర్డులో కొన్ని అక్షరాలు పడకపోతే బయటి యూఎస్‌బీ కీబోర్డు తగిలించి వాడుకోవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

ఇంకొకటి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోతోందా? ఇంటర్నెట్ ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదా? బోర్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. చాలావాటిలో సీఆర్2032 అనే రకమే. అది అయిపోయి ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే సైట్ల భద్రతా తనిఖీ ఒప్పుకోదు, అందుకే తెరుచుకోవు. బిళ్లకు పెద్ద ఖర్చు కాదు.

నెమ్మదిగా నడిచే లాప్‌టాప్‌కు బోర్డుతో పనే లేదు. పాత వాటిలో లోపల గుండ్రని పళ్లెం తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటుంది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేయిస్తే, వీలుంటే ర్యామ్ కూడా పెంచితే, చదువుకు సరిపడా నడుస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 పట్టదు. షాపులో దొంగ కాపీ వేయించుకోవడం కన్నా ఏదైనా లినక్స్ వేయించుకోండి. అది ఉచితం. పాఠాలు చూడడానికి, తెలుగులో టైపు చేయడానికి, ప్రాజెక్టు రాయడానికి చాలు. మన చెన్నై సీ-డాక్ వాళ్లు తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఆ జాతిదే.

ఇక షాపు సంగతి. కంపెనీ సర్వీస్ సెంటర్ అయితే నమ్మకం ఉంటుంది గానీ, అక్కడ సాధారణంగా చెడిన ముక్కను కాదు, మొత్తం బోర్డునే మారుస్తారు. పాత మోడల్‌కు అది గిట్టుబాటు కాదు. బోర్డు మీద కాలిన ఒక్క చిన్న భాగాన్ని మాత్రం తీసి వేరేది అతికించే పనిని "చిప్ లెవల్" పని అంటారు. అది చేసేవాళ్లు వేరే ఉంటారు. మీ వీధి షాపువాడు కూడా తరచు వాళ్లకే పంపి మధ్యలో తన వంతు తీసుకుంటాడు. తప్పేమీ లేదు, అదీ పనే. నేరుగా వెళ్లాలంటే మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్ ఉంది. వ్యాసర్పాడి జీవాలో ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కి సెంట్రల్‌లో దిగి, మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కడినుంచి నడకే. ఒక్క షాపులో ఆగిపోకుండా రెండు మూడు చోట్ల అడగండి. వీధి మొదట్లో చెయ్యి పట్టుకుని పిలిచేవాళ్ల వెంట మాత్రం వెళ్లకండి.

షాపులో "చూసి చేసిపెట్టండి" అని వదిలిరావడమే అసలు చిక్కు. చూడడానికి ఎంత, చేయించకుండా తిరిగి తీసుకుంటే ఎంత అని విప్పకముందే అడగండి. ఏ భాగం పోయింది, కొత్తది వేస్తారా పాతది వేస్తారా, ఎన్ని నెలలు గ్యారంటీ అన్నది కాగితం మీద రాయించుకోండి. "ఎళుది కుడుంగ" అంటే చాలు, ఇంగ్లీషు అక్కర్లేదు. మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. ఇచ్చే ముందు లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరును ఫోటో తీసుకోండి. ఆన్ అవుతుంటే ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత ఉందో చూసి రాసుకోండి. తిరిగొచ్చాక సరిచూసుకోవడానికి అదే ఆధారం.

ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. మగపిల్లలవాళ్లూ చదవండి. లాప్‌టాప్‌లో ఫోటోలు, ఆధార్ కాపీలు, తెరిచి ఉంచిన మెయిల్ ఉంటాయి. తెర, కీబోర్డు, ఛార్జింగ్ పిన్ను లాంటి పనులకు హార్డ్‌డిస్క్ అవసరం లేదు. మీ ఎదుటే దాన్ని విప్పించి ఇంటికి తెచ్చుకోండి. డిస్క్ ఉండక తప్పని పని అయితే ముందు ఫైళ్లు వేరేచోట దాచి, అక్కడివి తుడిచేసి, మెయిల్‌నుంచి లాగౌట్ అయి ఇవ్వండి. పాస్‌వర్డును కాగితం మీద రాసి మూతకు అతికించే అలవాటు మానండి.

ఎంతవరకు పెట్టవచ్చు? నా లెక్క ఇది. అదే పని చేసే వాడిన లాప్‌టాప్ ఒకటి ఎంతకు దొరుకుతుందో అదే వీధిలో అడగండి. అది 12,000 అనుకుందాం. రిపేరు 4,000 లోపు అయితే చేయించండి. 6,000 దాటితే వద్దు. మధ్యలో అయితే రాతపూర్వకంగా ఇచ్చే గ్యారంటీని బట్టి తేల్చుకోండి. ఒకసారి బాగుచేసిన బోర్డు మళ్లీ పోతే రెండోసారి డబ్బు పెట్టకండి. అప్పు చేసి మాత్రం అసలే వద్దు. అలాంటప్పుడు కూడా డిస్క్, ర్యామ్, అడాప్టర్ ఉంచుకోండి. ఇంకొకదానికి పనికొస్తాయి.

రసీదు ఉండి మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు. రసీదు లేకపోతే రెండుచోట్లా మాట పెగలదు.

టీవీ కేబుల్, యూఎస్‌బీ కీబోర్డు బడి కంప్యూటర్ గదిలో ఉన్నాయి. ఇంట్లో లేనివాళ్లు శనివారం ఉదయం లాప్‌టాప్ తీసుకొస్తే పరీక్షించి చూడవచ్చు. పిల్లలు ఒక్కరే కాకుండా పెద్దవాళ్లు ఒకరు వెంట రావాలి. అడాప్టర్ మరిచిపోకండి.