ఫిస్టులాలో రక్తం పారాలంటే

డయాలసిస్ యంత్రం నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తాన్ని లాగి, శుద్ధి చేసి తిరిగి ఎక్కిస్తుంది. చర్మం కింద కనిపించే సిరలో అంత రక్తం ఉండదు. ఉండే ధమనేమో లోతుగా ఉంటుంది. వారానికి మూడుసార్లు దాన్ని పొడవడం కుదిరే పని కాదు. అందుకే మణికట్టు దగ్గరో మోచేతి మడత దగ్గరో ధమనికి సిరను కలిపి కుడతారు. ఇదే ఏవీ ఫిస్టులా. న్యూయార్క్‌లో బ్రెసియా, సిమినోల బృందం 1966లో ఈ పద్ధతిని వైద్యలోకానికి తెలియజేసింది.

మణికట్టు ధమనిలో మామూలుగా నిమిషానికి 20, 30 మిల్లీలీటర్లే పారతాయి. కుట్టు పడగానే అది వందల్లోకి వెళ్తుంది. ఆరు వారాల్లో 600కు చేరి, సిర ఆరు మిల్లీమీటర్ల వెడల్పయితే ఫిస్టులా పక్వానికి వచ్చినట్టే. మోచేతి దగ్గరి ఫిస్టులాలో ప్రవాహం ఇంకా ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైనది నాళం వెడల్పు. గొట్టాల లెక్క ప్రకారం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. షుగరు ఏళ్ల తరబడి ఉన్నవారిలో ధమని గోడలకు కాల్షియం పట్టి బిగుసుకుంటుంది, సాగదు. పొగతాగేవారికీ నాళాలు పాడవుతాయి. సూదులు, సెలైన్లు పడీ పడీ సిర ముందే దెబ్బతిని ఉండవచ్చు. కుట్టు పక్కనే సిర లోపలి పొర మందమై దారి సన్నబడటం తరచుగా కనిపించే చిక్కు. మెడ దగ్గరో భుజం దగ్గరో పెట్టిన కాథెటర్ వల్ల లోపలి పెద్ద సిర ఇరుకైతే చేయి వాస్తుంది, సూది తీశాక రక్తం ఓ పట్టాన ఆగదు. డయాలసిస్ తప్పదని తేలాక కూడా ఆపరేషన్‌ను వాయిదా వేసేవారు చివరికి ఈ కాథెటర్‌తోనే మొదలుపెట్టాల్సి వస్తుంది.

తర్వాతది రక్తపోటు. తిరువళ్లూరు జిల్లా తిరుత్తణిలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కిడ్నీలు పనిచేయనివారిలో దాహానికి తాగిన నీరు మూత్రంగా పోదు, బరువై కూర్చుంటుంది. ఆ నీటినంతా డయాలసిస్‌లో నాలుగు గంటల్లో తీసేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రవాహం మందగించి ఫిస్టులాలో గడ్డ కడుతుంది. వాంతులు, విరేచనాలతో నీరసించినా ఇదే ప్రమాదం. బీపీ మాత్రలు మోతాదు మించినా అంతే.

ప్రవాహం మరీ ఎక్కువైనా మంచిది కాదు. నిమిషానికి రెండు లీటర్ల దాకా పోతే గుండెపై భారం పడుతుంది. ఒక్కోసారి రక్తమంతా ఫిస్టులావైపే మళ్లి, వేళ్లు చల్లబడి నొప్పి పెడతాయి.

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తపరీక్షకు సూది పొడవనివ్వకూడదు. బిగుతు గాజులు వద్దు, తలకింద పెట్టుకుని పడుకోవద్దు. రోజూ పొద్దున్నే రెండో చేతి వేళ్లు ఆనించి చూసుకోవాలి. పిల్లి గుర్రుమన్నట్టు అదురు తెలిస్తే రక్తం పారుతున్నట్టు. అదురు ఆగిందా, తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. గడ్డ తాజాగా ఉన్నప్పుడే దాన్ని తీసి ఫిస్టులాను నిలబెట్టే అవకాశం ఎక్కువ.