మలయా వెళ్ళిన మనవాళ్ళు ఏమయ్యారు?

థాయిలాండ్‌లో కాంచనబురి అనే ఊరుంది. బ్యాంకాక్ నుంచి పడమరగా సుమారు 130 కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళకి దొరికిపోయి, రైలు దారి వేస్తూ చనిపోయిన సైనికుల శ్మశానం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. దాదాపు 7 వేల మంది. రాయి రాయికీ పేరు, దళం, చనిపోయిన తేదీ. ఎక్కువమంది బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియన్ సైనికులు. ఆఫీసు వాళ్ళతో టూరుకెళ్ళినప్పుడు చూశాను.

అదే రైలు దారి కోసం వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయిన ఆసియా కూలీలకి అలా పేరుపేరునా సమాధులున్న శ్మశానం ఒక్కటీ లేదు. ఆ కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని మలయా వెళ్ళిన కుటుంబాల వాళ్ళు.

మాది నెల్లిమర్ల. ఇక్కడ "రంగం వెళ్ళాడు" అంటే రంగూన్ వెళ్ళాడని అర్థం. మలయా మాట అంతగా వినపడదు. తిరిగొచ్చాక మామ్మని అడిగితే, "మా నాన్నకి బాబాయి ఒకడు మలయా ఎల్లిపోనాడు బాబూ. మిల్లులో పని దొరికినోడు ఊళ్ళో ఉన్నాడు, దొరకనోడు ఓడెక్కేడు" అంది. మిల్లంటే మా జూట్ మిల్లే. ఆయన ఏ ఎస్టేటులో చేశాడమ్మా అంటే, "ఏ తోటో ఎవులికి తెలుసు? ఉత్తరాలు ఆగిపోనాయి" అంది.

అప్పటి విశాఖపట్నం జిల్లా నుంచి మేస్త్రీలు, అక్కడి మాటలో కంగాణీలు, కూలీలని కూడగట్టి మలయా రబ్బరు తోటలకీ, పేరా రాష్ట్రంలో బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటలకీ తీసుకెళ్ళేవాళ్ళు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల తరలింపుని ఆపేసింది. అప్పటికే అక్కడున్న చాలామంది ఉండిపోయారు.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయాలో దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. ఏప్రిల్ 6న మన విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మనకి యుద్ధమంటే ఆ ఒక్కరోజే గుర్తు.

బర్మాలో ఉన్న జపాన్ సైన్యానికి సముద్రం మీదుగా సరుకు పంపడం ప్రమాదమైపోయింది. అందుకని థాయిలాండ్‌లో బాన్ పోంగ్ నుంచి బర్మాలో తన్‌బ్యుజయాత్ దాకా, కొండలూ అడవీ తొలుచుకుంటూ 415 కిలోమీటర్ల రైలు దారి తలపెట్టారు. 1943 అక్టోబరు 17 నాటికి పట్టాలు కలిపేశారు. దాదాపు ఏడాదిలో! పని చేయించింది 60 వేలకు పైగా యుద్ధఖైదీల చేత, రెండు లక్షల వరకూ ఆసియా కూలీల చేత. ఒక్క మలయా నుంచే 75 వేలకు పైగా వెళ్ళారు. మొదట రోజుకో డాలరు కూలీ, మూణ్ణెల్ల పని అన్నారు. ఆ మాటకి జనం రాకపోయేసరికి తోటల మీద పడి పట్టుకుపోయారు. ఉచితంగా సినిమా వేస్తున్నామని పిలిచి, తలుపులు మూసి లారీలెక్కించిన సంగతులు కూడా బతికొచ్చినవాళ్ళు చెప్పారు.

ఆష్విట్జ్‌నీ దీన్నీ నేను ఒకే గాటన కట్టను. అక్కడ చంపడమే ఒక లక్ష్యం. ఇక్కడ పని కావాలి, మనిషి పోయినా ఫర్వాలేదు. వెదురు పాకలు, చాలీచాలని బియ్యం, వానల్లో పొంగే మరుగుదొడ్లు. 1943 వానలతోపాటు కలరా వచ్చింది. సైనికుల క్యాంపుల్లో వాళ్ళ డాక్టర్లున్నారు, నీళ్ళు మరగబెట్టుకునే కట్టుబాటు ఉంది, ఎవరు పోయారో దొంగచాటుగానైనా రాసుకునే అధికారులున్నారు. కూలీల క్యాంపుల్లో ఇవేవీ లేవు. కొన్నిచోట్ల ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. యుద్ధఖైదీ డాక్టర్లని కొందరిని సింగపూర్ నుంచి వీళ్ళ కోసం పంపేసరికే చాలామంది పోయారు. ఖైదీల్లో 12 వేలకు పైగా చనిపోతే, కూలీల్లో దాదాపు 90 వేలని అంచనా. చూడండి, మొదటిది లెక్క, రెండోది అంచనా. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఎంట్రీయే పడని డేటా ఇది. ఎంత వెతికినా ఏం దొరుకుతుంది?

పైగా దక్షిణాది కూలీలందర్నీ కలిపి తమిళులనేశారు. చిత్రమేమిటంటే, మలేషియాలో మనవాళ్ళని ఈసడించడానికి వాడే "కెలింగ్" అనే మాట కళింగ నుంచే వచ్చిందంటారు. అంటే మా ప్రాంతం పేరే! తిట్టులో మిగిలాం గానీ మృతుల జాబితాలో లేం.

2023లో మలేషియా తమిళ సంఘాల వాళ్ళు పూనుకుని, కాంచనబురిలోని ఒక బౌద్ధాలయంలో, కూలీల అస్థికలున్న చోట "నడుకల్" నిలిపారు. మన వీరగల్లు లాంటిదే. మంచి పని చేశారు. మన సంఘాలు ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నాయో మరి.

యూదులు ఈ పని ఎలా చేశారో చూస్తే ముచ్చటేస్తుంది. నాజీ క్యాంపుల్లో రైలు దిగిన వెంటనే చంపేసినవాళ్ళ పేర్లు చాలావరకు అక్కడి రిజిస్టర్లలో ఎక్కలేదు. అందుకని జెరూసలెంలోని యాద్ వాషెమ్ సంస్థ, పోయిన ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం పెట్టింది. పేరు, ఊరు, తల్లిదండ్రులు, చివరిసారి ఎక్కడ చూశారు. బంధువులో, తెలిసినవాళ్ళో నింపాలి. మిగతా రికార్డులతో కలిపి, చనిపోయిన 60 లక్షల మందిలో దాదాపు 50 లక్షల పేర్లు దొరికాయి.

మనకి అంత పెద్ద సంస్థ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. ఇంట్లో ముసలివాళ్ళని అడగండి. మలయా వెళ్ళిందెవరు, ఏ ఊరి నుంచి, ఏ కంగాణీ వెంట, డబ్బు చివరిసారి ఎప్పుడొచ్చింది? ట్రంకుపెట్టెలో పాత ఉత్తరమో మనియార్డరు రసీదో ఉంటే, దాని మీద ఎస్టేటు పేరుంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి వలస కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎస్టేటు పేరు తెలిస్తే వెతకడం కొంచెం తేలిక.

మామ్మని ఆయన పేరేమిటని కూడా అడిగాను. కాసేపు ఆలోచించి, "అందరూ బుల్లోడు అనీవోరు" అంది. నోటుబుక్కులో అదే రాశాను. ఈ ఆదివారం రామతీర్థంలో ఆవిడ పెద్దక్కగారి దగ్గరికి వెళ్ళాలి. ఆవిడకి తొంభై దాటాయి.