ఋతుపఠనము - ఆవృత్తి - సబ్రహ్మచారిత

ఏ ఋతువున నే గ్రంథమును జదువవలయును? చదివినదానిని మఱల నేల చదువవలయును? ఒంటిగాఁ జదువుటకంటెఁ దోడివారితోఁ గూడి చదువుట యేల మేలు? ఈ మూఁడు ప్రశ్నములును నేఁడు పుట్టినవి కావు. పాణినీయమునందే వీని సమాధానములకు బీజములు కలవు. ఉద్దానతీరమున బారువ మొదలగు నూళ్లు గల సీమలోని పురాణపఠనాచారమును ఆ బీజములతోఁ బోల్చి చూచినచో, పఠనమున నే యంగము లోపించిన నేమి నశించునో తేటపడును.

అష్టాధ్యాయి నాలుగవ యధ్యాయమున రెండవ పాదమందలి 59వ సూత్రము, ఒక గ్రంథము నధ్యయనము చేయువానిని, దాని నెఱిఁగినవానిని దెలుపుటకుఁ బ్రత్యయమును విధించుచున్నది. ఆ ప్రకరణముననే 63వ సూత్రము వసంతాదిగణమునకు ఠక్ప్రత్యయమును జెప్పును. దానిచే వాసంతికుఁడు, వార్షికుఁడు అను రూపములు సిద్ధించును. ఋతువును జదువుట యెట్లు? వసంతముతోడి సాహచర్యముచే గ్రంథమే వసంతమనఁబడునని కాశికావృత్తి వివరించినది. అనఁగా ఋతువునకుఁ దగిన గ్రంథము, గ్రంథమునకుఁ దగిన ఋతువు అను వ్యవస్థ సూత్రకారుని నాఁటికే లోకమునఁ బ్రసిద్ధమై యుండెను.

ఆవృత్తి విషయమును అట్టిదే. అయిదవ యధ్యాయము మొదటి పాదమున 58వ సూత్రము సంఖ్యావాచకములకు నధ్యయనార్థమునఁ బ్రత్యయమును జెప్పును. అయిదావృత్తులు గల యధ్యయనము పంచకము, ఏడావృత్తులు గలది సప్తకము. ఎన్నిమాఱులు చదివిరో చెప్పుటకు వేఱుగా నొక శబ్దరూపము గావలసివచ్చెననఁగా, ఒక్కమాఱు చదివి విడుచుట యానాఁటి చదువు కాదని స్పష్టము.

సహపాఠి యావశ్యకత మఱియొక సూత్రమునఁ గానవచ్చుచున్నది. నాలుగవ యధ్యాయము నాలుగవ పాదమున 63వ సూత్రముచే ఐకాన్యికుఁడను శబ్దము సాధింపఁబడును. పరీక్షాకాలమునఁ జదువుచు నొక తప్పు పలికినవాఁడు ఐకాన్యికుఁడు. రెండు తప్పులు పలికినవాఁడు ద్వైయన్యికుఁడు. తప్పు పలికినవాఁడు తన తప్పును దాను లెక్కింపఁజాలఁడు. తెలిసినచో నా తప్పు పలుకనే పలుకఁడు. కాఁబట్టి లెక్కించుటకు వినువాఁ డొకఁ డుండవలయును. ఆ వినువానినే శాస్త్రము సబ్రహ్మచారి యన్నది. ఆఱవ యధ్యాయము మూఁడవ పాదమందలి 86వ సూత్రమున సమానశబ్దమునకు సకారాదేశమైన రూపమిది. విద్యయందుఁ బాదము గురువువలనను, పాదము స్వబుద్ధిచేతను, పాదము సబ్రహ్మచారులవలనను, పాదము కాలక్రమమునను లభించునని పెద్దల మాట. ఇందు మూఁడవ పాదము తోడిపాఠకులది, నాలుగవ పాద మావృత్తిది.

మహాభాష్యకారుఁడును బస్పశాహ్నికమున విద్య నాలుగు విధములఁ బ్రయోజనకారి యగునని చెప్పెను: ఆగమకాలము, స్వాధ్యాయకాలము, ప్రవచనకాలము, వ్యవహారకాలము. వీనిలోఁ దనంతఁ దానుగా జరుపుకొనఁదగినది స్వాధ్యాయ మొక్కటియే. మిగిలిన మూఁటియందును రెండవవాఁడు లేక పని జరుగదు.

ఇఁక కాలనియమము. శ్రావణమునఁ గాని భాద్రపదమునఁ గాని ఉపాకర్మ చేసి నాలుగున్నర నెలలు వేదాధ్యయనము చేయవలయుననియు, ఉత్సర్జనానంతరము శుక్లపక్షములందు వేదమును, కృష్ణపక్షములందు వేదాంగములను జదువవలయుననియు మనుస్మృతి నాలుగవ యధ్యాయమున విధించినది. ప్రతిపత్తు మొదలగు ననధ్యాయదినములు వేఱుగాఁ గలవు. పాడ్యమినాఁడు చదువువాని విద్య క్షీణించునను లోకప్రసిద్ధిని వాల్మీకిమహర్షి సుందరకాండమున సీతాదేవి కృశత్వమున కుపమానముగాఁ గైకొనెను. చదువుటకుఁ గాలమున్నట్లే చదువకుండుటకును గాలము గలదు. ఆ విరామమే చదివినది నిలుచుటకు సాధనము.

వేదాధ్యయనమునకు బాహ్యులైనవారికిఁ గూడ నీ కాలనియమము పురాణపఠనరూపమున లభించినది. తెలుఁగునాఁట కార్తికపురాణము ముప్పది యధ్యాయములుగా, దినమున కొక్కటి చొప్పున, నెలనాళ్లు చదువఁబడును. మాఘపురాణమును అట్లే. రామాయణమునకు నవాహము, భాగవతమునకు సప్తాహము ఏర్పడినవి. వానలు వెనుకాడినప్పుడు విరాటపర్వమును జదివించు నాచారము ప్రసిద్ధమే. ఏఁటేఁట అదే గ్రంథము, అదే మాసము, అదే శ్రోతలు: ఇదియే లౌకికమైన పంచకము, సప్తకము.

మహేంద్రతనయ సముద్రమునఁ గలియుచోట నున్న బారువ, కోటిలింగేశ్వరాలయముచేతను బూర్వపు రేవుచేతను బ్రసిద్ధము. 1936వ సంవత్సరమువఱకు నీ సీమ గంజాముజిల్లాలోనిది. పిదప విశాఖపట్టణము జిల్లాలోఁ జేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడఁగా దానిలోనిదైనది. ఒడియాదేశపుటెల్ల కిది సమీపము. ఆ యెల్ల కావలి యూళ్లలో జగన్నాథదాసు రచించిన ఒడియా భాగవతమును సాయంకాలములఁ బదుగురు కూడి వినుటకు భాగవతటుంగి యను నిల్లు ప్రత్యేకముగాఁ గట్టుట పూర్వాచారము. గ్రంథ ముంచుచోటును, చదువుచోటును, వినుచోటును ఒక్కటియే. ఈవలి యూళ్లలోఁ బోతన భాగవతమునకు దేవాలయమండపములు, ఇండ్ల యరుగులు ఆ పని చేసినవి.

పోతన భాగవతచరిత్రయే మన విషయమునకు దృష్టాంతము. ఆ గ్రంథమునఁ గొంతభాగము శిథిలము కాఁగా, పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశద్వాదశములను నారయయుఁ బూరించిరని ప్రతీతి. ఒక్క ప్రతియందు మాత్రమే యున్న గ్రంథము ఆ ప్రతితోడనే నశించును. పలువురి కంఠములందున్న దానికి ఆ భయము లేదు.

తీరసీమలో నీ భయ మధికము. ఉప్పుగాలి, తేమ, చెదలు తాళపత్రమునకును గాగితమునకును శత్రువులు. శరన్నవరాత్రములలో మూలానక్షత్రమున గ్రంథములను గుప్పగాఁ బేర్చి పూజించి, శ్రవణమున నుద్వాసన చేయువఱకుఁ జదువక యుండుట శాస్త్రాచారము. ఆ నెపమున ఏఁడాదికొకమాఱు కట్టలు విప్పి, దుమ్ము దులిపి, తైలము పూసి, ఏది చెడినదో చూచుకొనుట జరుగుచుండెడిది. పూజ గ్రంథరక్షణమునకుఁ గాలనియమ మైనది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున, సరిగా నీ నవరాత్రముల యారంభముననే, తిత్లీ తుపాను పలాస ప్రాంతమున దరిఁజేరి యుద్దానపుఁ గొబ్బరితోఁటలను జీడిమామిడితోఁటలను గూలద్రోచెను. ఇంటి కప్పు నిలువనిచోఁ బెట్టెలోని పుస్తకము నిలుచునా?

ముద్రణము వచ్చినపిమ్మటఁ బ్రతులు పెక్కు గలవు గదా, ఒక్కొక్కరు ఒంటిగాఁ జదువుకొన్న నేమి లోపమని శంక. గ్రంథములు ప్రజలకుఁ జేరుట యను విషయమున నాంధ్రులు చేసిన కృషి గొప్పది. 1914లో బెజవాడయందుఁ బ్రథమ గ్రంథాలయసభ జరిగెను. మఱుసటి యేఁడు గ్రంథాలయసర్వస్వము వెలువడెను. 1935లో కృష్ణాతీరపుఁ గాలువపైఁ బడవ గ్రంథాలయము నడచెను. ఈ జిల్లాలోనే 1997లో కాళీపట్నము రామారావుగారు శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. ఇవి గ్రంథము లభింపదను కొఱఁతను దీర్చినవి. అపపాఠమును బట్టుకొనువాఁడు లేఁడను కొఱఁత వేఱు. అది ప్రతుల సంఖ్యచేఁ దీఱునది కాదు.

ఉదాహరణమునకు నదీనశబ్దమును జూచునది. నదీ, ఇన అని విఱిచిన సముద్రుఁడని యర్థము. న, దీన అని విఱిచిన దైన్యము లేనివాఁడని యర్థము. సముద్రతీరవాసి మొదటి పఠనమున సముద్రునే చూచును. రెండవ పఠనమున సందర్భము కలఁతపెట్టును. అంతలోఁ దోడిపాఠకుఁడు రెండవ విఱుపును జూపినచో శ్లేష తెలియును. అచ్చుపుస్తకమున నక్షరము లొక్కటియే, విఱుపు గొంతుకలోనిది. గొంతుక లేని పఠనమున ఈ భేద మంతయు నణఁగిపోవును.

అట్లని పూర్వాచారమునందు దోషము లేకపోలేదు. వినినవారిలోఁ బెక్కండ్రు ఫలశ్రుతికై వినిరేకాని యర్థమున కడుగలేదు. స్త్రీలును, అనేకజాతులవారును అరుగుక్రిందనే నిలిచిరి. ఆవృత్తి యున్నచో విమర్శ యుండునని నియమము లేదు. కాఁబట్టి పునరుద్ధరింపవలసినది ఆచారమును యథాతథముగాఁ గాదు. దానిలోని మూఁడంగములను మాత్రమే.

పాఠశాలాపండితులకు నిది దుష్కరము కాదు. ఆషాఢమునఁ దోడివారు కొందఱు కూడి తమ తమ యిండ్ల గ్రంథములను దెచ్చి యొకచోఁ జేర్పవలయును. అందు ఇదివఱకెవ్వరును జదువనిది యొకటి, అందఱు నెఱిఁగినది యొకటి, ఒకరి కత్యంతప్రియమై తక్కినవారికిఁ దెలియనిది యొకటి యేర్పఱుచుకొని, ఒకరు చదువఁగా నొకరు తప్పులు గుర్తింపవలయును. అందఱు నెఱిఁగినదానినే ముందుగాఁ జదువుట మేలు. తప్పులందుఁ బెద్దవి పరిచితగ్రంథములందే దాఁగి యుండును. మూలానక్షత్రమున నా కుప్పను గట్టి, శ్రవణమున విప్పి, చెడిన ప్రతిని బాగుచేసి, కార్తికమున రెండవ యావృత్తిఁ బ్రారంభింపవచ్చును. చెప్పఁబడిన సూత్రములకు నీ యాచారమున కుండు సంబంధమును విద్వాంసులు పరిశీలింతురు గాక.