కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టాలపై పార్శ్వ తాకిడి

బోలుగా ఉండే ఉక్కు గొట్టంలో కాంక్రీటు పోసి, రెండూ కలిసి బరువు మోసేలా చేసిన స్తంభాన్ని కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టం అంటారు. ఎత్తైన భవనాలలోను, వంతెనలలోను వీటిని వాడుతున్నారు. చైనాలో ఇటువంటి గొట్టాలతో కట్టిన మొదటి కమాను వంతెన 1990లో సిచువాన్ రాష్ట్రంలో 115 మీటర్ల నిడివితో వెలసింది. 2020లో గ్వాంగ్షీలో పూర్తయిన పింగ్‌నాన్ మూడవ వంతెన కమాను నిడివి 575 మీటర్లు. పైనుండి పడే బరువును ఈ గొట్టాలు బాగా మోస్తాయి. వాహనం గాని, పడవ గాని పక్కనుండి గుద్దినప్పుడు వాటికి ఏమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కొల్లేటి ప్రాంతంలో ఈ ప్రశ్న

ఏలూరు, తాడేపల్లిగూడెంల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి, ఏలూరు కాలువ సాగుతాయి. ఈ కాలువ 2008లో ప్రకటించిన 4వ జాతీయ జలమార్గంలో భాగం. కొల్లేటి చెరువుల నుండి ఐసులో పెట్టిన చేపలతో లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. కనుక లారీ తాకిడి, పడవ తాకిడి రెండూ ఇక్కడ ఆలోచించదగినవే. బుడమేరు పొంగి కొల్లేటికి వరద తెచ్చిన 2024 సెప్టెంబరులోనే, విజయవాడ ప్రకాశం బ్యారేజి వద్ద కొట్టుకువచ్చిన పడవలు గేట్లను ఢీకొని కాంక్రీటు ప్రతిభారాలను దెబ్బతీశాయి.

తాకిడిలోని శక్తి

చలనశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 టన్నుల లారీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 500 కిలోజౌళ్ళు. 72 కిలోమీటర్ల వేగంతో వస్తే 2,000 కిలోజౌళ్ళు. ఇందులో కొంత లారీ ముందుభాగం నలగడంలో ఖర్చవుతుంది, మిగిలినది స్తంభం భరించాలి. ప్రయోగశాలలలో బరువైన సుత్తిని ఎత్తునుండి జారవిడిచి దీనిని పరీక్షిస్తారు. 5 మీటర్ల ఎత్తునుండి పడే సుత్తి వేగం, గంటకు 36 కిలోమీటర్లతో పోయే లారీ వేగం దాదాపు ఒకటే.

ఇటువంటి పరీక్షలో బలం మొదట ఒక్కసారిగా శిఖరానికి చేరి, తగ్గి, కొంతసేపు ఒకే స్థాయిలో నిలిచి, పిదప పడిపోతుంది. మొదటి శిఖరానికి ముఖ్య కారణం స్తంభపు జడత్వం. తరువాతి నిలకడ స్థాయియే స్తంభపు వంపు నిరోధాన్ని తెలుపుతుంది. శిఖరాన్ని చూసి స్తంభం అంత బలమైనదని అనుకోవడం పొరపాటు.

రెండు పదార్థాల సహకారం

వట్టి గొట్టాన్ని గుద్దితే దెబ్బ తగిలినచోట సొట్ట పడుతుంది. గుండ్రని ఆకారం చదునై, వంపును నిరోధించే శక్తి త్వరగా తగ్గుతుంది. లోపల కాంక్రీటు ఉంటే గోడ లోనికి ముడుచుకోలేదు. స్తంభం మొత్తంగా వంగి శక్తిని హరిస్తుంది. ఇక వట్టి కాంక్రీటు పెళుసు, పగిలితే రాలిపోతుంది. గొట్టంలో ఉన్నది మాత్రం నలిగినా బయటికి పోలేదు. ఉక్కు దానిని చుట్టూ అదిమిపట్టి, తెగని పట్టీవలె ఏటవాలు పగుళ్ళను కూడా అడ్డుకుంటుంది. తాకిడి శక్తిలో అధికభాగాన్ని సాగే ఉక్కే మింగుతుంది. దెబ్బ ఎంత వేగమైనదైతే మెత్తని ఉక్కు అంత గట్టిగా ప్రవర్తిస్తుంది. వాడుకలో ఉన్న కూపర్–సైమండ్స్ సూత్రం ప్రకారం, సాగుదల రేటు సెకనుకు 1 ఉంటే దాని లొంగుబాటు బలం సుమారు 1.48 రెట్లవుతుంది. అధికబలం గల ఉక్కులో ఈ పెరుగుదల తక్కువ.

వైఫల్యం

రెండు కొసలూ బిగించిన స్తంభాన్ని నడుమ గుద్దితే, అక్కడ ఉక్కు దెబ్బకు ఎదుటివైపున సాగుతుంది. కొసల వద్ద దెబ్బ తగిలిన వైపునే సాగుతుంది. లారీ ముందుభాగం సాధారణంగా నేలకు మీటరు ఎత్తు ప్రాంతంలో తగులుతుంది కాబట్టి, అడుగు పలక వద్ద వెల్డింగు అతి కీలకం. స్తంభం నిలిచి ఉన్నంత మాత్రాన క్షేమమని చెప్పలేము. పైన 1,000 కిలోన్యూటన్ల బరువు ఉండగా స్తంభం 50 మిల్లీమీటర్లు పక్కకు ఒరిగితే, 50 కిలోన్యూటన్-మీటర్ల అదనపు వంపు భ్రామకం శాశ్వతంగా దానిపై పడుతుంది. గుద్దిన తరువాత మిగిలిన బలాన్ని లెక్కించకుండా రాకపోకలను అనుమతించరాదు.

ఇంగ్లాండులో 1879లో ప్రారంభమైన సెవెర్న్ రైలు వంతెన స్తంభాలు కూడా ఇనుప గొట్టపు ముక్కలను బోల్టులతో బిగించి కాంక్రీటు నింపినవే. 1960 అక్టోబరు 25 రాత్రి పొగమంచులో రెండు చమురు పడవలు ఒక స్తంభాన్ని ఢీకొనగా రెండు గళ్ళు నదిలో కూలాయి, ఐదుగురు పడవ సిబ్బంది మరణించారు. పేరుకు ఇవి కూడా కాంక్రీటు నింపిన గొట్టాలే, కాని ముక్కలు కలిసిన చోట్ల నేటి వెల్డింగు గొట్టానికి ఉండే అవిచ్ఛిన్నత వాటికి లేదు.

నిర్మాణంలో జాగ్రత్తలు

గోడ మరీ పలుచన కారాదు. ఐరోపా నియమావళి ప్రకారం 235 మెగాపాస్కళ్ళ ఉక్కుతో చేసిన గుండ్రని గొట్టపు వ్యాసం మందానికి 90 రెట్లు మించరాదు. అంటే 400 మిల్లీమీటర్ల గొట్టానికి దాదాపు 4.5 మిల్లీమీటర్ల మందం కావాలి. కాంక్రీటు సరిగా దట్టించక లోపల ఖాళీ మిగిలితే అక్కడ గోడ మళ్ళీ వట్టి గొట్టంవలె సొట్టపడుతుంది. బయటినుండి సుత్తితో తట్టినప్పుడు బోలు శబ్దం వస్తే అనుమానించాలి.

వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగువకు వచ్చే కొల్లేటి ప్రాంతంలో తుప్పు మరింత ముఖ్యం. 8 మిల్లీమీటర్ల గోడ 6 మిల్లీమీటర్లకు తరిగితే ఉక్కులో సుమారు నాలుగోవంతు పోయినట్లే. ఆ తరిగేది వంపును అన్నిటికంటే ఎక్కువగా నిరోధించే వెలుపలి పొర. అందువలన ఇటువంటి చోట రంగుపూత, మందంలో తుప్పుకై అదనపు కేటాయింపు రెండూ అవసరం.