అన్నీ తానైన వాద్యం, అందరూ ఉన్న బృందం

పద్యనాటకాలు చూస్తూ పెరిగిన తెలుగువారికి హార్మోనియాన్ని పరిచయం చేయనక్కరలేదు. నటుడు రాగం తీస్తే వెన్నంటి నడిచి, పద్యం ముగిసిన మరుక్షణం తాను అందుకొని, తరువాతి పద్యానికి శ్రుతి నిలిపి ఉంచే ఆ పెట్టె లేనిదే మన రంగస్థలం బోసిపోతుంది. అటువంటి వాద్యాన్ని ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి తన ప్రసారాలలో నిషేధించిందంటే నేటి తరానికి ఆశ్చర్యం కలుగక మానదు. ఆ నిర్ణయం తీసుకున్నది, ఉద్యోగరీత్యా మనమంతా వచ్చి స్థిరపడిన ఈ ఢిల్లీలోనే.

ఒంటిచేత్తో సమస్తం పలికించగల వాద్యాన్ని పదిమంది కూర్చున్న బృందంలోకి ఆహ్వానించవచ్చునా? ఆహ్వానిస్తే దానికి ఎంత చోటివ్వాలి? ఈ ప్రశ్నకు ఢిల్లీ ఒక విధంగా సమాధానమిచ్చింది. హార్మోనియానికి దూరపు చుట్టమైన ఆర్గాన్ విషయంలో అమెరికా జాజ్ కళాకారులు మరొక విధంగా సమాధానమిచ్చారు. ఆ రెండు కథలనూ పాఠకుల ముందుంచాలన్నదే మా ప్రయత్నం.

మెట్లు, వాలు

ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ 1937లో ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగానికి బాధ్యత వహించారు. భారతీయ వాద్యకారులతో ఒక వాద్యబృందాన్ని తీర్చిదిద్దిన ఆ పాశ్చాత్యుడే, హార్మోనియం భారతీయ సంగీతానికి తగదని గట్టిగా వాదించడం విశేషం. 1939లో ఆయన కలకత్తాలో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ఆకాశవాణి అధిపతి లయొనెల్ ఫీల్డెన్ హయాంలో నిషేధం అమలులోకి వచ్చింది. రవీంద్రనాథ్ ఠాగూర్ సైతం హార్మోనియం పట్ల విముఖులే.

వారి వాదంలో బలం లేకపోలేదు. వీణ తంత్రిని లాగినా, కంఠంతో పలికినా, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వాలు మీద జారినట్లు చేరుకోవచ్చు. హార్మోనియంలో ఉన్నవి మెట్లే. తోడి రాగంలోని గాంధారం నిలకడగా ఉండదు. ఊగుతూనే తన రూపాన్ని చూపుతుంది. ఆ ఊపును మెట్ల మీద చూపడం అసాధ్యం. అయితే ఆ నిషేధంతో హార్మోనియం కళాకారులకు రేడియో తలుపులు మూసుకున్నాయన్నది కూడా మరువరాదు. మూడు దశాబ్దాల తరువాత, 1971లో, ఆంక్షలను పాక్షికంగా సడలించారు.

ఈ నడుమనే, 1952లో, ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందం ‘వాద్యవృంద’ రూపొందింది. పండిత రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దానికి తొలినాళ్లలో సారథ్యం వహించారు. తరువాతి కాలంలో ఆ పీఠాన్ని అలంకరించినది మన ద్రాక్షారామంలో 1922లో జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి కావడం తెలుగువారికి గర్వకారణం. గమకమే ప్రాణమైన వీణ చేతపట్టినవారు పలు వాద్యాలను ఒక్కతాటిపై నడిపించడం సామాన్య విషయం కాదు. ఒక్కరు వాయించేటప్పుడు గమకం వారి ఇష్టం. అనేకులు కలిసి వాయించేటప్పుడు ఆ స్వేచ్ఛలో కొంత ప్రతివారూ వదులుకోవలసిందే.

పెట్టెలో ఒక విద్యుత్కేంద్రం

ఇక జాజ్ ఆర్గాన్ సంగతికి వద్దాం. అమెరికాకు చెందిన లారెన్స్ హామండ్ 1935లో విపణిలోకి తెచ్చిన విద్యుత్ ఆర్గాన్‌లో గొట్టాలు లేవు, గాలి లేదు. 91 చిన్న లోహచక్రాలు అయస్కాంతాల ఎదుట తిరుగుతూ విద్యుత్ సంకేతాలను పుట్టిస్తాయి. మన ఇంజనీర్లు దానిని ఒక బుల్లి జనరేటరని గుర్తుపడతారు. రెండు వరుసల మెట్లను చేతులతోనూ, మంద్రస్వరాల తొక్కుడుపట్టాలను పాదాలతోనూ వాయిస్తారు. ముందున్న చిన్న కడ్డీలను లాగుతూ, నెడుతూ నాదం రంగును మార్చుకుంటారు.

ఆ చక్రాలను తిప్పేది సింక్రనస్ మోటారు. అంటే దాని శ్రుతి కరెంటు ఫ్రీక్వెన్సీపై ఆధారపడి ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ కోసం తయారైన వాద్యాన్ని ఏ మార్పూ లేకుండా మన 50 హెర్ట్జ్ సరఫరాకు తగిలిస్తే, శ్రుతి సుమారు మూడు అర్ధస్వరాలు పడిపోతుంది. 50 హెర్ట్జ్‌కు అమర్చిన వాద్యమైనా, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49కి దిగితే ఇంచుమించు అర్ధస్వరంలో మూడోవంతు జారుతుంది. ట్రంపెట్ కళాకారుడు పెదవి బిగించి శ్రుతి సరిచేసుకోగలడు. ఆర్గాన్ అలా చేయలేదు. మిగిలినవారే దానికి అనుగుణంగా సర్దుకోవాలి. హార్మోనియంపై మోపిన అభియోగం ఇక్కడ మరో రూపంలో ఎదురవుతున్నది.

ఇద్దరూ ఒదిగితేనే

ఆధునిక బిగ్ బ్యాండ్‌లో సాధారణంగా అయిదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడు నాలుగు ట్రాంబోన్లు, వాటితో పియానో, గిటార్, బేస్, డ్రమ్ములు ఉంటాయి. అంతమందికి జీతాలివ్వలేని చిన్న క్లబ్బులలో ఆర్గాన్, గిటార్, డ్రమ్ములతో ముగ్గురే కచేరీ నిర్వహించే పద్ధతి ప్రబలింది. ఆర్గాన్ వాదకుని పాదాలు బేస్ కళాకారుని పనిని, చేతులు ఊదువాద్యాల పనిని చేసిపెట్టాయి. యంత్రం వస్తే మనిషి మాటేమిటన్న చింత సంగీతకారులకూ తప్పలేదన్నమాట.

అలాంటి వాద్యం తిరిగి బిగ్ బ్యాండ్‌లో అడుగుపెడితే రెండు చిక్కులు ఏర్పడతాయి. ఆర్గాన్ పాదాలూ, బేస్ వాద్యమూ ఒకే మంద్రస్థాయిలో పలికితే శబ్దం బురదలా చిక్కబడుతుంది. మెట్టు నొక్కి ఉంచినంతసేపూ నాదం తగ్గని ఆర్గాన్, ఊపిరి మీద నడిచే వాద్యాలను కప్పివేస్తుంది. 1962లో జిమ్మీ స్మిత్ ‘బాషిన్’ రికార్డులో ఆలివర్ నెల్సన్ కూర్చిన బిగ్ బ్యాండ్‌తో వాయించి, ఈ జోడీ సాధ్యమేనని నిరూపించారు. బ్యాండ్ పిలిస్తే ఆర్గాన్ బదులు పలకడం, ఆర్గాన్ మాట్లాడేటప్పుడు బ్యాండ్ తప్పుకోవడం ఇందులోని కీలకం.

ఈ రంగంలో మరో పెద్ద పేరు వైల్డ్ బిల్ డేవిస్. బ్యాండ్‌లోని ఊదువాద్యాలన్నీ ఒక్కటై పలికినట్లు ఆర్గాన్‌పై నిండైన స్వరగుచ్ఛాలను పలికించడం ఆయన బాణీ. కౌంట్ బేసీ బ్యాండ్‌కు ఎంతో ఖ్యాతి తెచ్చిన ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ కూర్పు ఆయనదే. బ్యాండ్ నుంచి నేర్చిన విద్యను ఆర్గాన్ వాదకుడు మళ్లీ బ్యాండ్‌కే అప్పగించాడు.

ఢిల్లీతో బంధుత్వమున్న ఘట్టం ఇక్కడే వస్తుంది. 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ అమెరికా ప్రభుత్వ పక్షాన పర్యటిస్తూ ఢిల్లీకి వచ్చింది. ఎల్లింగ్టన్ ఇక్కడ అస్వస్థులై ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. ఆ పర్యటన జ్ఞాపకాలతో ఆయన, బిల్లీ స్ట్రేహార్న్ కూర్చిన ‘ఫార్ ఈస్ట్ సూట్’లో ‘బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ’ అనే రచన ఉంది. అందులోని పక్షి మన గోరింకే. అప్పటికి ఆ బ్యాండ్‌లో ఆర్గాన్ లేదు. 1969 నాటికి డేవిస్ వచ్చి చేరారు. స్వయంగా పియానో వాయించే నాయకుడు, మరొక మెట్ల వాద్యానికి తన బృందంలో చోటు కల్పించారన్నమాట. 1970 నాటి ‘న్యూ ఆర్లియన్స్ సూట్’లోని ‘బ్లూస్ ఫర్ న్యూ ఆర్లియన్స్’లో డేవిస్ ఆర్గాన్, జానీ హాడ్జెస్ శాక్సఫోన్ కలిసి వినిపిస్తాయి. ఆ ఏడాది మే నెలలోనే హాడ్జెస్ మరణించారు. ఆయన చివరి రికార్డింగులలో ఇదొకటి.

అన్నీ చేయగలవాడు తన పనిలో కొంత పక్కవానికి వదిలినప్పుడే బృందంలో నిలుస్తాడు; అతనిని బయట నిలబెట్టిన బృందం కూడా ఏదో ఒకటి నష్టపోతుంది. పలువిధాల నైపుణ్యాలు కలిసి నడిచే మన సంస్థలో ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. సెలవురోజున ఈ రచనను కుటుంబంతో కలిసి వినవలసిందిగా కోరుతున్నాము. ఆర్గాన్ ఎక్కడ మోగిందన్నది ఎవరికైనా తెలుస్తుంది. అది ఎక్కడ తగ్గి హాడ్జెస్‌కు దారి ఇచ్చిందో పిల్లలను కనిపెట్టమనండి.