పది రోజుల ఆన్‌సైట్ ట్రిప్‌కి కూడా రిజిస్ట్రేషనా? యూరప్ రూల్స్ సింపుల్‌గా

ఈరోజు టాపిక్ వినగానే "ఇది హెచ్ఆర్ వాళ్ల గోల, మనకెందుకులే" అనిపించొచ్చు. కానీ మీరు ఐటీలోనో, ఇంజినీరింగ్ సర్వీసెస్‌లోనో ఉన్నారనుకోండి. ఏదో ఒక రోజు మీ మేనేజర్ పిలిచి, "వచ్చే సోమవారం బ్రసెల్స్‌లో క్లయింట్ దగ్గర ఉండాలి, పది రోజులే" అంటాడు. ఆ రోజు ఈ ఎపిసోడ్ మీకు కచ్చితంగా పనికొస్తుంది.

నేను కోడ్ రాసుకునే రోజుల్లో మా టీమ్‌లో ఎవరికైనా ఆన్‌సైట్ వచ్చిందంటే అందరం అడిగే ప్రశ్న ఒక్కటే: వీసా స్టాంప్ అయిందా? అయిందంటే పార్టీ. ఇప్పుడు యూరప్‌కి వెళ్లేవాళ్లని అడగాల్సిన ప్రశ్న ఇంకోటి కూడా ఉంది: మీ పేరు అక్కడి లేబర్ సిస్టమ్‌లో రిజిస్టర్ అయిందా?

ఈ రెండూ ఒకటి కాదు. వీసా చూసేది మీ పాస్‌పోర్ట్‌ని. ఈ రిజిస్ట్రేషన్ చూసేది మీ జీతాన్ని. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతాదంతా ఈజీ.

అసలు ఎందుకొచ్చింది ఈ రూల్?

యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం కంపెనీ తన ఉద్యోగుల్ని ఇంకో దేశానికి తాత్కాలికంగా పంపి పని చేయించొచ్చు. అలా వెళ్లినవాళ్లని 'పోస్టెడ్ వర్కర్స్' అంటారు. మన భాషలో చెప్పాలంటే డెప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లు. జీతం సొంత దేశం కంపెనీ ఇస్తుంది, పని మాత్రం పక్క దేశంలో.

ఇక్కడే గొడవ మొదలైంది. తక్కువ జీతాలున్న దేశం నుంచి మనుషుల్ని తెచ్చి, అదే తక్కువ జీతానికి పని చేయిస్తే, అక్కడి లోకల్ వాళ్ల ఉద్యోగాలు ఏం కావాలి? లవాల్ అని ఒక లాత్వియా కంపెనీ కేసు దీనికి పెద్ద ఉదాహరణ. స్వీడన్‌లోని వాక్స్‌హోమ్ అనే ఊళ్లో స్కూల్ బిల్డింగ్ పని కోసం లాత్వియా నుంచి కార్మికుల్ని తెచ్చింది. మా దేశం జీతాల ఒప్పందం మీద సంతకం పెట్టమని స్వీడన్ యూనియన్లు అడిగాయి, కంపెనీ ఒప్పుకోలేదు. యూనియన్లు సైట్‌ని దిగ్బంధం చేశాయి. 2007 డిసెంబర్‌లో యూరప్ కోర్టు యూనియన్లకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. దాంతో యూరప్ అంతా పెద్ద చర్చ.

అసలు చట్టం 1996 నాటిది. దాన్ని గట్టిగా అమలు చేయడానికి 2014లో ఇంకో చట్టం వచ్చింది. మనం మాట్లాడుకునే రిజిస్ట్రేషన్‌కి ఆధారం అదే. ఉద్యోగిని పంపే కంపెనీ పని మొదలయ్యేలోపు అక్కడి ప్రభుత్వానికి డిక్లరేషన్ ఇవ్వాలని, కాంట్రాక్ట్, పే స్లిప్పులు, టైమ్ షీట్లు, జీతం పడినట్టు ప్రూఫ్ రెడీగా పెట్టుకోవాలని, అధికారులతో మాట్లాడటానికి ఒక మనిషిని చూపించాలని సభ్య దేశాలు అడగొచ్చని అందులో ఉంది. తర్వాత 2018లో మార్చిన రూల్స్ 2020 జూలై 30 నుంచి అమల్లోకి వచ్చాయి. కనీస జీతం ఇస్తే చాలదు, ఆ దేశంలో ఆ పనికి చట్టం ప్రకారమో, అందరికీ వర్తించే ఒప్పందం ప్రకారమో తప్పనిసరిగా ఇవ్వాల్సిన జీతం మొత్తం ఇవ్వాలన్నది ఆ మార్పు.

"మనది ఇండియా కంపెనీ కదా, యూరప్ చట్టం మనకెలా?" అని డౌట్ రావచ్చు. యూరప్ బయటి కంపెనీలకి యూరప్ కంపెనీల కంటే ఎక్కువ వెసులుబాటు ఇవ్వకూడదని 1996 చట్టంలోనే రాశారు. ఎలా అమలు చేయాలన్నది ఏ దేశానికి ఆ దేశం చూసుకుంటుంది. బెల్జియం, ఫ్రాన్స్ లాంటి చోట్ల హైదరాబాద్ నుంచి నేరుగా పంపినా డిక్లరేషన్ ఇవ్వాల్సిందే.

ఏ దేశంలో ఎలా ఉంటుంది?

బెల్జియంతో మొదలుపెడదాం, ఎందుకంటే వాళ్లు ఈ విషయంలో పాత కాపులు. అక్కడి సిస్టమ్ పేరు లిమోసా, 2007 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. మీరు ఎవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ క్లయింట్ దగ్గర, ఏ అడ్రస్‌లో, ఏ టైమింగ్స్‌లో పని చేస్తారు అన్నీ ముందే ఆన్‌లైన్‌లో నింపాలి. నింపాక లిమోసా-1 అని ఒక రసీదు వస్తుంది. మీరు పని మొదలుపెట్టేముందు అది ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత బెల్జియం క్లయింట్‌ది. లేదంటే వాళ్లే ప్రభుత్వానికి చెప్పాలి, చెప్పకపోతే వాళ్లూ ఇరుక్కుంటారు. అందుకే క్లయింట్ ముందు ఆ రసీదు అడుగుతాడు, తర్వాతే ప్రాజెక్ట్ సంగతి.

ఫ్రాన్స్‌లో పోర్టల్ పేరు సిప్సీ. ముందే డిక్లరేషన్ ఇవ్వడమే కాదు, ఫ్రాన్స్‌లో ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి. అధికారులు అడిగితే చూపించే కాగితాలు ఫ్రెంచ్‌లో ఉండాలి, జీతం లెక్కలు యూరోల్లో ఉండాలి. ఎగ్గొడితే జరిమానా ఒక్కో ఉద్యోగికి 4,000 యూరోల దాకా, రెండేళ్లలోపు మళ్లీ దొరికితే 8,000 దాకా. మొత్తం కలిపి గరిష్ఠంగా 5 లక్షల యూరోలు. పది మంది టీమ్‌ని పంపే కంపెనీకి ఇది చిన్న లెక్క కాదు.

జర్మనీ ఇంకో టైపు. అక్కడ నిర్మాణం, క్లీనింగ్ లాంటి కొన్ని రంగాలకే ముందస్తు డిక్లరేషన్, మామూలు ఐటీ పని ఆ లిస్టులో లేదు. అలాగని జీతం రూల్ పోలేదు. 2026 జనవరి 1 నుంచి గంటకి 13.90 యూరోల కనీస వేతనం అక్కడ పనిచేసే విదేశీ కంపెనీ ఉద్యోగికీ వర్తిస్తుంది.

చూశారా, ఒకే యూనియన్, మూడు దేశాలు, మూడు పద్ధతులు. అన్ని దేశాలకీ పనికొచ్చే ఒకే డిక్లరేషన్ పోర్టల్ పెడదామని 2024 నవంబర్‌లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. అందులోనూ చేరాలా వద్దా అన్నది ఆ దేశాల ఇష్టమే.

మీటింగా? పనా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ప్రతి ట్రిప్‌కీ ఇదంతా అక్కర్లేదు. బెల్జియంలో క్లయింట్‌తో కాంట్రాక్ట్ చర్చలు, స్ట్రాటజీ మీటింగ్ లాంటివైతే లిమోసా మినహాయింపు ఉంది. ఒక్కో మీటింగ్ వరసగా 20 రోజులు దాటకూడదు, ఏడాదిలో మొత్తం 60 రోజులు దాటకూడదు. జర్మనీలో డిక్లరేషన్ కావాల్సిన రంగాల్లో కూడా మీటింగ్‌కో, ఎగ్జిబిషన్‌కో, సొంత గ్రూప్ కంపెనీ ట్రైనింగ్‌కో వెళితే మినహాయింపే. అది వరసగా 14 రోజులు, 12 నెలల్లో మొత్తం 30 రోజుల వరకు. షరతు ఏంటంటే, బయటి క్లయింట్‌కి మీరు సర్వీస్ చేసి ఇవ్వకూడదు.

ఇప్పుడు నిజం మాట్లాడుకుందాం. "నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్" అని పంపుతారు. మొదటి రెండు రోజులు మీటింగులే. మూడో రోజు ప్రొడక్షన్‌లో ఏదో పగులుతుంది. "నువ్వు ఇక్కడే ఉన్నావ్ కదా, కాస్త చూడు" అంటారు. మీరు క్లయింట్ ఆఫీసులో కూర్చుని, క్లయింట్ సిస్టమ్‌లో, బిల్ అయ్యే గంటల్లో బగ్ ఫిక్స్ చేస్తారు. ఇప్పుడు ఇది మీటింగా, పనా? లెటర్ మీద 'బిజినెస్ మీటింగ్' అని రాసినంత మాత్రాన మీటింగ్ అయిపోదు. అక్కడ మీరు ఏం చేశారన్నదే లెక్క. మీ టైమ్ షీటే సాక్ష్యం చెబుతుంది.

డిక్లరేషన్ లేకపోతే జరిమానా సాధారణంగా కంపెనీకే. కానీ బిజినెస్ వీసా మీద వెళ్లి పని చేశారంటే అది వీసా సమస్య, ఆ రికార్డు మీ పేరు మీద ఉంటుంది. ఇంకోటి, లిమోసా రసీదు వర్క్ పర్మిట్ కాదు. ఇండియా నుంచి వెళ్లి అక్కడ పని చేయాలంటే అనుమతి వేరే కావాలి, డిక్లరేషన్ వేరే కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీ జేబుకి సంబంధించిన ముక్క

చాలామంది ట్రావెల్ కాగితాలు చూస్తారు కానీ అలవెన్స్ కాగితం చూడరు. అసలు విషయం అందులోనే ఉంది.

లెక్క సులువుగా ఉండాలని నేను పెట్టుకున్న అంకెలతో చెప్తాను. మీ పనికి అక్కడ నెలకి 3,000 యూరోలు తప్పనిసరి అనుకుందాం. మీ ఇండియా జీతం 1,000 యూరోలకి సమానం. కంపెనీ 2,000 అలవెన్స్ ఇచ్చి "టోటల్ 3,000 అయింది కదా" అంటుంది. ఆ 2,000 మీరు అక్కడ పనిచేస్తున్నందుకు ఇచ్చే అలవెన్స్ అయితే సరే, అది జీతంలో కలుస్తుంది. కానీ అందులో 1,200 హోటల్, తిండి, ప్రయాణ ఖర్చుల కింద ఇచ్చిందైతే అది జీతం కాదు, ఖర్చు తిరిగి ఇవ్వడం. అప్పుడు మీ జీతం 1,800 మాత్రమే. ఇంకా 1,200 తక్కువ ఇచ్చినట్టు.

మరి ఏ భాగం ఖర్చుకి, ఏ భాగం జీతానికి అని కాగితం మీద ఎక్కడా రాయకపోతే? అప్పుడు అలవెన్స్ మొత్తాన్నీ ఖర్చుల కిందే లెక్కగట్టాలని 2018 మార్పులో స్పష్టంగా ఉంది. అంటే కంపెనీ విడదీసి రాయకపోతే లాభం ఉద్యోగికి. అందుకే మీ డెప్యుటేషన్ లెటర్‌లో ఈ విభజన ఉందో లేదో చూసుకోండి. తక్కువ ఇచ్చారనిపిస్తే, పని చేసిన ఆ దేశంలోనే కేసు వేసే హక్కు పోస్టెడ్ వర్కర్‌కి ఉంది. ఫిర్యాదు చేసినందుకు కంపెనీ వేధించకుండా రక్షణ కూడా చట్టంలో ఉంది.

పీఎఫ్ సంగతి కూడా చెప్పుకోవాలి. బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలతో ఇండియాకి సోషల్ సెక్యూరిటీ ఒప్పందాలున్నాయి. బెల్జియంతో ఒప్పందం 2009 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. మన ఈపీఎఫ్ఓ నుంచి 'సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్' తీసుకుంటే, ఒప్పందంలో చెప్పిన కాలం వరకు అక్కడ మళ్లీ కట్టకుండా ఇక్కడే కట్టుకోవచ్చు. అది లేకుండా వెళితే రెండు చోట్లా కట్టాల్సి రావచ్చు.

యూరప్‌లోనే ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకి

జర్మనీ కంపెనీలో పనిచేస్తున్న ఒక తెలుగు అమ్మాయిని నెదర్లాండ్స్ క్లయింట్ దగ్గరికి పంపారనుకోండి. 1994లో 'వాండర్ ఎల్స్ట్' అనే కేసులో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఒక బెల్జియం కంపెనీ తన దగ్గర చట్టబద్ధంగా పనిచేస్తున్న మొరాకో దేశస్తుల్ని ఫ్రాన్స్‌కి పంపింది. వాళ్లకి మళ్లీ ఫ్రాన్స్ వర్క్ పర్మిట్ అక్కర్లేదని కోర్టు చెప్పింది. మన అమ్మాయికీ ఆ తీర్పు పనికొస్తుంది. కానీ డిక్లరేషన్ తప్పదు. 2020 మార్చి 1 నుంచి నెదర్లాండ్స్‌లో యూరప్ కంపెనీలు ముందే నోటిఫై చేయాలి, డచ్ క్లయింట్ దాన్ని చెక్ చేయాలి. సోషల్ సెక్యూరిటీకి ఏ-1 సర్టిఫికెట్ కూడా దగ్గర ఉంచుకోవాలి.

ట్రావెల్ డెస్క్‌కి పని పెరిగింది

ఒకప్పుడు ట్రావెల్ డెస్క్ అంటే టికెట్, హోటల్, ఇన్సూరెన్స్. ఇప్పుడు టికెట్ బుక్ చేసేముందే వీసా, హెచ్ఆర్, పేరోల్ వాళ్లు ముగ్గురూ మాట్లాడుకోవాలి. ట్రిప్ ఒక వారం పొడిగించారంటే హోటల్ ఒక్కటే పొడిగిస్తే చాలదు, డిక్లరేషన్‌లో తేదీలూ మార్చాలి. రాత్రి చెప్పి పొద్దున్నే ఫ్లైట్ ఎక్కించే ట్రిప్పులకి రోజులు దగ్గరపడ్డాయి.

దీనికి తోడు 2025 అక్టోబర్ 12న యూరప్ సరిహద్దుల్లో ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. పాస్‌పోర్ట్ మీద స్టాంప్ బదులు వేలిముద్రలు, ఫొటో. ఇది లేబర్ రిజిస్ట్రేషన్ కాదు, సరిహద్దు లెక్క. కానీ 180 రోజుల్లో 90 రోజులు అనే షెంగెన్ లెక్కని ఇకపై కంప్యూటరే వేస్తుంది. "స్టాంప్ సరిగ్గా కనబడట్లేదు సార్" అనే కథ నడవదు.

సరే, మీకు ట్రిప్ వచ్చిందంటే ఫ్లైట్ ఎక్కేముందు మెయిల్‌లో ఈ ఐదూ అడగండి:

1. నేను వెళ్లేది మీటింగ్‌కా, పనికా? లెటర్‌లో ఏం రాశారు?
2. ఆ పనికి నా వీసా, పర్మిట్ సరిపోతాయా?
3. ఆ దేశంలో డిక్లరేషన్ కావాలా? కావాలంటే రసీదు కాపీ ఇవ్వండి.
4. అలవెన్స్‌లో జీతం ఎంత, ఖర్చులు ఎంత?
5. సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ వచ్చిందా?

ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే అడగండి. "ఇన్ని అడిగితే ట్రిప్ ఇంకొకడికి ఇచ్చేస్తారేమో" అని భయం ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఇవి మీ కంపెనీ ఎలాగూ చేయాల్సిన పనులే. మీరు ముందే అడిగితే వాళ్ల జరిమానా కూడా తప్పుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ప్రతి ఈయూ దేశం ఈ రూల్స్‌ని ఒక అధికారిక వెబ్‌సైట్‌లో పెట్టాలని 2014 చట్టమే చెబుతోంది. 'యువర్ యూరప్' అనే అధికారిక సైట్‌లో వాటి లింకులు దొరుకుతాయి. ఈ రూల్స్, అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి వెళ్లేముందు అక్కడ ఒకసారి చూసుకోండి. ఆన్‌సైట్‌కి బ్యాగ్ సర్దుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి. బై.