నిమ్మపాకము: ఇంట చేసికొను విధము

వానకాలమున నిమ్మకాయల బస్తా ధర విని, కోతకూలియైనను రాదని కాయను చెట్టుక్రిందనే విడిచిన రైతులు మనలో లేకపోలేదు. గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్లకు కాయ పంపువారందఱు నెఱిఁగిన కష్టమే యిది. ఆ కాయయే వేసవిలో ప్రియమగును. రసమును పాకమున నిలువయుంచుకొన్న యింట కొన్నినెలలవఱకు కాయ కొనవలసిన పనిలేదు.

పాకమనఁగా నీటఁ గరఁగిన పంచదారయే. అయినను పాళ్లు తప్పిన నంతయుఁ జెడును. నాలుగేండ్ల క్రిందట మాయింట పంచదార మిగులునని నీరును పంచదారయు సమముగాఁ బోసి పాకము కాచితిమి. పదునైదు దినములకు సీసాలలో బుడగలు లేచినవి. ఒక రాత్రి రెండు బిరడాలు తుపాకి మ్రోఁతతో నెగిరిపడి అటక యంతయు జిగటయైనది. సమపాకము ఆ పూట పానకమునకుఁ జాలునుగాని నిలువకు రాదు. పులియఁజేయు సూక్ష్మజీవులకు నీరు కావలెను. నూఱుపాళ్ల బరువులో 65 పాళ్లు పంచదార యున్నచో ఆ నీరు వానికి దక్కదు. సమపాకమున నున్నవి 50 పాళ్లే.

కావున పాళ్లివి: పంచదార 2 కిలోలు, నీరు 600 మిల్లీలీటర్లు, నిమ్మరసము అరలీటరు. పండిన పచ్చనికాయలు కిలోన్నర తీసికొన్న ఈ రసము రాక మానదు. తొక్క నలుగునట్లు గట్టిగాఁ బిండినచో చేఁదు దిగును. గింజలు లేకుండ వడకట్టవలెను. పాత్ర స్టీలుదిగాని, పింగాణిపూఁత గలదిగాని కావలెను. అల్యూమినియము, కళాయిలేని రాగి, ఇత్తడి పులుపునకుఁ బనికిరావు.

నీటఁ బంచదార పోసి సన్నని సెగపైఁ గలుపుచుండవలెను. పంచదార కరఁగి పొంగు వచ్చిన పిమ్మట చెంచెడు నిమ్మరసము చేర్చి, మఱి రెండుమూఁడు నిమిషములు కాఁగనిచ్చి దింపవలెను. ఆ పులుపువలనఁ బంచదారలోఁ గొంత వేఱు చక్కెరలుగా విడిపోవును. సీసా యడుగునఁ బలుకులు కట్టుట తగ్గును. అరిసెలకుఁ బాకము పట్టుటలో చేయి తిరిగిన మన యిల్లాండ్రు ఇక్కడనే పొరపడుదురు. ఉండపాకము వచ్చువఱకు దింపరు. దీనికిఁ దీగపాకమును అక్కఱలేదు.

పాకము గోరువెచ్చనైన పిదపనే తక్కిన రసము కలుపవలెను. వేఁడిలోఁ గలిపిన పరిమళము పోవును. విటమిన్ సి యును నశించును. గాజుసీసాలను 20 నిమిషములు నీట మరగించి, తడిలేకుండ నారఁబెట్టి నింపి, చల్లని చీఁకటిచోట నుంచవలెను. రంగు క్రమముగా గోధుమవన్నెకుఁ దిరిగిన భయములేదు. బుడగగాని సారావాసనగాని కనఁబడిన పాఱఁబోయవలసినదే. ఒకపాలు పాకమునకు నాలుగుపాళ్లు చన్నీరు, చిటికెఁడుప్పు.

అనకాపల్లి బెల్లముతోఁ జేయఁగోరువారు కరఁగించి, పలుచని గుడ్డతో వడకట్టి మడ్డి తీసికొనవలెను. బెల్లమునఁ దేమ యుండును గనుక పాకము నంతకాలము నమ్మరాదు. నెలలోపల వాడుకొనుట మేలు.

కాయ మనదే కాఁబట్టి దీనికగు వ్యయమెల్లఁ బంచదారదే. నలుగురైదుగురు సభ్యులు కలిసి బస్తాగాఁ గొన్నచో కొంత కలిసివచ్చును. అమ్మకమునకుఁ జేయఁదలఁచువారు 2006వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టముక్రింద ముందుగా నమోదు చేయించుకొనవలెను. ఇంటివాడుకకు ఆ పనిలేదు.